ఎవరు కాచిన నీళ్ళు?

రెండు గదుల అద్దె ఇల్లు. సాయంత్రం. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ మీద పనిచేసే మొగుడు ఇప్పుడే వచ్చాడు. అతను విప్పిన చొక్కా భార్య చేతిలో ఉంది. పిల్లవాడు లోపలి గదిలో నిద్రపోతున్నాడు.

“వాసన చూడు.”

“ఏం వాసన?”

“నీ చొక్కానేగా. ముక్కు దగ్గర పెట్టుకుని నువ్వే చూడు.”

“బాగానే ఉంది కదే.”

“అదే నా ఏడుపు! బాగానే ఉంది. పొద్దంతా ఊళ్ళోవాళ్ళ ట్యాంకులు తోడి వచ్చే మొగుడి చొక్కా ఈమధ్య రోజూ పెళ్ళికొడుకు చొక్కాలా ఉంటోంది. ఎవత్తది?”

“ఎవత్తేంటి? ఎవరెవరు?”

“గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ తల ఎందుకు తడుముకుంటావ్?”

“దురద పెడితే గోక్కోకూడదా?”

“దురదా? నున్నగా దువ్వుకొచ్చిన తల. ఇంకా తడి కూడా ఆరలేదు. ఎక్కడ చేశావ్ స్నానం?”

“లారీ దగ్గరే. పైపు ఉంటుంది కదా.”

“ఆ పైపులో ఏం పారుతుందో నాకు తెలీదా?”

“ఆ పైపు కాదే నా తల్లీ, నీళ్ళ పైపు. ఇంకోటి ఉంటుంది.”

“ఆ ఇంకోదాంట్లోంచి సబ్బు కూడా వస్తుందా? మనింట్లో ఒంటికీ బట్టలకీ గిన్నెలకీ ఒకటే సబ్బు. ఇది అది కాదు. ఇది ఎర్ర సబ్బు వాసన. ఆసుపత్రి వాసన.”

“మేస్త్రి ఇచ్చాడు.”

“మీ మేస్త్రి ఆరునెలలకోసారి తల కడుక్కునే మనిషి. నీకు సబ్బు కొనిస్తాడా? నా చెవిలో పువ్వులు పెట్టకు.”

“అన్నం పెట్టవే. ఆకలేస్తోంది.”

“పెడతా. ముందు గుండీ సంగతి చెప్పు.”

“ఏం గుండీ?”

“ఇదిగో, ఈ గుండీ. మొన్న ఊడిపోయింది. నేను కుట్టలేదు. మరి ఎవరు కుట్టారు?”

“నేనే కుట్టుకున్నా.”

“నువ్వా? సూదిలో దారం ఎక్కించమంటే కళ్ళజోడు కావాలనే మనిషివి. వెనక ముడి చూడు ఎంత ఒద్దిగ్గా వేసిందో. ఇది ఆడదాని ముడి. ఓపికున్న ఆడదాని ముడి.”

“ముడి చూసి ఆడో మగో చెప్పేస్తావా? పోలీసుల్లో చేరాల్సినదానివి.”

“నవ్వకు. చెయ్యి చాపు.”

“ఎందుకు?”

“చాపమంటే చాపు. చూశావా! గోళ్ళు! మొదటికంటా తీసేసి ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో నేనెంత మొత్తుకున్నా గోళ్ళు తీసుకున్నావా? ‘పని చేసే చేతులు ఇలాగే ఉంటాయి’ అన్నావ్. ఆవిడెవరో చెప్పగానే వేళ్ళు చాపి కూర్చున్నావన్నమాట.”

“గోళ్ళు తీసుకోవడం కూడా తప్పేనా? ఏ కోర్టులోనైనా అడుగు.”

“కోర్టు సంగతి తర్వాత. పక్కింటి అత్తయ్య చూసింది నిన్ను.”

“ఏం చూసింది?”

“ఆసుపత్రి వెనక సందులోంచి వస్తున్నావట. తడి తలతో. చేతిలో ఉతికిన బట్టల మూట పెట్టుకుని.”

“ఆ అత్తయ్యకి వేరే పని లేదా?”

“అంటే నిజమేనన్నమాట.”

“నిజమని నేనన్నానా?”

“కాదని కూడా అనలేదుగా. నీళ్ళు నమలకు. ఆ పొడుగు జడ నర్సేనా?”

“ఏ నర్సు?”

“అబ్బో, ఏ నర్సట! చిన్నోడికి సెలైన్ పెట్టిన నర్సు. మనం పిల్లల వార్డులో ఉన్నన్నాళ్ళూ నిన్ను ‘అన్నయ్యా, అన్నయ్యా’ అని పిలిచింది.”

“అన్నయ్యా అని పిలిస్తే చెల్లెలవుతుంది గానీ…”

“ఆ అన్నయ్యలోనే ఉంది కిటుకంతా. నన్ను మాత్రం వదినా అని ఒక్కసారి పిలవలేదు. ‘పిల్లాడి తల్లీ, ఇటు రా’ అనేది.”

“ఒసే పిచ్చిదానా, ఆ అమ్మాయికి వేరే ఊరు బదిలీ అయ్యి ఎన్నాళ్ళయిందో.”

“అది నీకెలా తెలుసు?”

“తెలిసిందిలే.”

“నర్సుకి బదిలీ అయిన సంగతి ట్యాంకు లారీవాడికి ఎలా తెలుసంటున్నా!”

“ఎవరో అన్నారు.”

“ఎవరో. మళ్ళీ ఎవరో. ఆ ఎవరోకి పేరు లేదా, ఊరు లేదా? నేను బట్టల సంచి సర్దేశా, చూడు. చిన్నోడి బట్టలూ సర్దేశా. నిజం చెప్తే ఉంటా. లేదంటే ఇప్పుడే పోతా.”

“ఎక్కడికి పోతావ్?”

“ఎక్కడికైనా. మా అమ్మ దగ్గరికి తప్ప ఎక్కడికైనా పోతా.”

“పాపం, ఆవిణ్ణెందుకు మధ్యలో…”

“పాపమా? ఎవరు పాపం? ‘ఆ మురికి పని చేసేవాణ్ణి చేసుకుంటే నా గడప తొక్కకు’ అని నన్ను కట్టుబట్టలతో గెంటేసిన మనిషి పాపమా? నీకెందుకు అంత జాలి?”

“సర్లే. ఊరికే అన్నా.”

“ఊరికే అనకు. నిన్ను అన్నేసి మాటలన్న మనిషి మీద నువ్వు జాలి పడకు. నాకు ఒళ్ళు మండుతుంది.”

“అమ్మాయ్! నేను గోడకి చెవి పెట్టాననుకోకు. కూరలోకి ఉప్పు లేక వచ్చా. ఏంటి గొడవ?”

“రండి అత్తయ్యా, సమయానికి వచ్చారు. ఈయన లారీ దగ్గర నీళ్ళ పైపు కింద స్నానం చేశాడంట.”

“నువ్వు నమ్మేశావా? మా ఆయన కూడా అలాగే గుడికెళ్ళొచ్చానని చెప్పి పేకాడేవాడు. అయినా నేను చూసింది చూసినట్టు చెప్పా, అంతే. నాకెందుకు మీ మొగుడూ పెళ్ళాల మధ్య.”

“అత్తయ్యా, ఇదిగో ఉప్పు. డబ్బాతో పట్టుకెళ్ళండి.”

“వెళ్తాలే నాయనా, తోసెయ్యకు. ఒక్క మాట. బట్టల మూట ఇచ్చిన చెయ్యి కూడా చూశా. కిటికీలోంచి ఇచ్చింది. గాజులు లేవు. ఆ పైన నీ ఇష్టం అమ్మాయ్.”

“గాజులు లేవా? అంటే పెళ్ళి కాని పిల్లా? మొగుడు పోయినదా?”

“పని చేసేచోట గాజులు తియ్యమంటారే!”

“ఎవర్ని? ఎవర్ని తియ్యమంటారు? ఆవిడ గాజుల సంగతి కూడా తెలుసు నీకు. అత్తయ్య వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పు.”

“చెప్పనని మాటిచ్చానే.”

“ఆవిడకి మాటిచ్చావా? నాకు తాళి కట్టి, ఆవిడకి మాటిచ్చావా?”

“అది కాదు…”

“ఏడవను. ఏడుస్తానని చూస్తున్నావేమో, ఏడవను. కానీ ఒకటి చెప్పు. వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా?”

“ఏంటి?”

“ఆవిడ నీకు పోసే నీళ్ళు. వేణ్ణీళ్ళేనా?”

“…వేణ్ణీళ్ళే.”

“కాచి పెడుతుందన్నమాట. నీ కోసం కాచి ఎదురుచూస్తుంది. నేను ఇక్కడ పొయ్యి మీద అన్నం పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టే.”

“ఒసే, చిన్నోడు లేచాడు. ఏడుస్తున్నాడు. ఉండు, నేను తీసుకొస్తా.”

“వద్దు.”

“గుక్క పడతాడే. జరుగు.”

“ముట్టుకోకు వాణ్ణి! ఎందుకలా చూస్తావ్? నేను తెస్తాగా. ఇదిగో, వచ్చాడు. ఊరుకో నాన్నా, ఊరుకో… ఏంటా చూపు?”

“ఈ ఇంట్లో ఆ మాట వినబడదన్నావ్.”

“ఏ మాట?”

“ముట్టుకోకు అన్న మాట. ఈ ఇంట్లోకి వచ్చిన రోజున, ఇదే గుమ్మంలో అన్నావ్. ‘నిన్ను మా అమ్మ అన్న మాట ఇక నీ జన్మలో ఎవరూ అనరు’ అన్నావ్.”

“మురికని అనలేదు నేను. అందుకు అనలేదు. ఇంకోత్తి దగ్గరికెళ్ళి వచ్చిన చేతులని అన్నా. కడుపు మండి అన్నా.”

“తెలుసులే.”

“తెలిస్తే అలా మొహం వేలాడెయ్యకు. నువ్వెప్పుడైనా ఈ గుమ్మంలో ఆగావా? నేను ఆపానా? నువ్వు బూట్లు విప్పకముందే చిన్నోణ్ణి తెచ్చి నీ చేతుల్లో పెట్టేదాన్ని. వీధంతా చూడాలని పెట్టేదాన్ని. నా మొగుణ్ణి ఎవరూ బయట నిలబెట్టరని, అందరికీ తెలియాలని.”

“అవును. పెట్టేదానివి.”

“మరి?”

“అప్పుడు చిన్నోడికి ఎప్పుడు చూసినా విరేచనాలే.”

“అదెందుకు ఇప్పుడు?”

“తగ్గినట్టే తగ్గేవి, మళ్ళీ మొదలు. చివరికి కళ్ళు తేలేస్తే ఆసుపత్రిలో పడేశాం.”

“నేను ఏం తక్కువ చేశా? నీళ్ళు మరగకాచి చల్లార్చి పట్టా. పాలసీసా మరగబెట్టా. ఈగ వాలితే గిన్నె మొత్తం పారబోశా. డాక్టరు చెప్పినవన్నీ చేశా.”

“చేతులు కడుక్కోమని కూడా చెప్పాడు.”

“కడుక్కున్నా! తోలు ఊడేట్టు కడుక్కున్నా.”

“నువ్వు కడుక్కున్నావ్. నేను కడుక్కోలేదు.”

“నీకు… నీకు నేనెలా చెప్తాను? ఏ నోటితో చెప్పను? నువ్వు అలిసిపోయి వస్తావు, పిల్లాణ్ణి చూసి మొహం వెలిగిపోతుంది, అప్పుడు ‘ఆగు, ముందు కడుక్కురా’ అంటే, మా అమ్మకీ నాకూ తేడా ఏముంది? నోటిదాకా వచ్చేది. మింగేసేదాన్ని.”

“నాకూ తెలుసే. నువ్వు చెప్పలేవని తెలుసు. నాకు నేనుగా కడుక్కోవచ్చు. కడుక్కుంటే మురికోణ్ణని ఒప్పుకున్నట్టే కదా అని నేనూ బిగుసుకున్నా. నీ ప్రేమా, నా పౌరుషమూ కలిసి వాణ్ణి సెలైన్ దాకా తీసుకెళ్ళాయి.”

“అలా అనకు. వాడిప్పుడు బాగున్నాడు. బుగ్గలు చూడు. ఎన్నాళ్ళయింది వాడికి ఏమైనా వచ్చి?”

“ఎందుకు బాగున్నాడు?”

“మందులు వాడాం. నేను కంటికి రెప్పలా చూసుకున్నా.”

“చూసుకున్నావ్. అంతకుముందూ అలాగే చూసుకున్నావ్. మారింది నువ్వు కాదే. నా స్నానం మారింది.”

“అంటే ఆవిడ… ఆవిడ నీళ్ళు పోస్తే నా బిడ్డ బాగుపడ్డాడంటావా? నా బిడ్డని కూడా ఆవిడ ఖాతాలో రాసేస్తావా? ఎవరు ఆవిడ? నీకు కడుక్కోమని చెప్పే ధైర్యం ఎవరికుంది?”

“మొదటిరోజు నన్ను మురికోడా అన్న మనిషికే ఉంది. మీ అమ్మకి.”

“అబద్ధం.”

“చిన్నోడి మీద ఒట్టు. ఆసుపత్రి లాండ్రీలోనే కదా ఆవిడ పని. దాని వెనక ట్యాంకు నిండిపోతే మా లారీ వెళ్ళింది. పైపు చుట్టి లారీ ఎక్కబోతుంటే ఆవిడ బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. ‘ఇలాగే ఇంటికెళ్తావా? ఇలాగే పిల్లాణ్ణి ఎత్తుకుంటావా?’ అంది.”

“నువ్వేమన్నావ్?”

“‘అవును, మీ అమ్మాయి నన్ను అసహ్యించుకోదు’ అన్నా. మంచి దెబ్బ కొట్టాననుకున్నా.”

“అప్పుడు?”

“లోపలికెళ్ళి బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. పొగలు కక్కుతున్న నీళ్ళు. ఎర్ర సబ్బు విసిరింది. నా పాదాల దగ్గర పడింది. ‘అది అసహ్యించుకోదు, నిజమే. నీ చేతికి అంటింది మాత్రం నీ ప్రేమ చూసి ఆగదు. మోచేతుల దాకా రుద్దు’ అంది. నాకు తిక్క రేగింది. అయినా నీళ్ళు చూస్తే పోసుకోవాలనిపించింది.”

“పోసుకున్నావ్.”

“పోసుకున్నా. మర్నాడు లారీ దిగి ఇంటికొస్తుంటే కాళ్ళు అటే వెళ్ళాయి. బకెట్టు అక్కడే ఉంది. రోజూ ఉంటుంది. పని బట్టలు అక్కడే విప్పేస్తా. ఆవిడ కర్రతో తీసి మరిగే నీళ్ళలో వేస్తుంది. ఉతికినవి కిటికీలోంచి ఇస్తుంది. బూట్లు లోపలికి తెస్తే చంపేస్తుంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే బకెట్టు తీసేస్తానంది. ‘నేను కాచిన నీళ్ళని తెలిస్తే అది పంతానికి నిన్ను మళ్ళీ మురికితోనే ఇంట్లోకి రమ్మంటుంది. నా కూతురు నాకు తెలీదా’ అంది.”

“అనేదాన్ని కాదు.”

“అనేదానివి.”

“…అనేదాన్నేమో. అయినా అది వేరే సంగతి. గోళ్ళు కూడా ఆవిడే తీసిందా?”

“నేనే తీసుకున్నా. ఆవిడ నిలబడి తిడుతుంటే తీసుకున్నా.”

“గుండీ?”

“గుండీ ఆవిడే కుట్టింది.”

“నీకు గుండీ కుట్టిందా? నీకు! నా బడి గౌనుకి గుండీ ఊడితే పిన్నీసు గుచ్చి పంపేది. అడిగితే ‘చేతులు ఖాళీ లేవు’ అనేది. నీకు ఖాళీ అయ్యాయా చేతులు?”

“నన్నంటావేంటే…”

“వేణ్ణీళ్ళట! మేం ముగ్గురం పిల్లలం. నేను ఆఖరుదాన్ని. నా వంతు వచ్చేసరికి నీళ్ళు చల్లారిపోయేవి. రోజూ చన్నీళ్ళే. ఒక్కరోజు, ఒక్కరోజైనా నా కోసం వేరే కాచిందా? నీకు పొగలు కక్కే నీళ్ళు పెట్టిందంట. నర్సు అయినా బాగుండేది. నర్సుతో అయితే జుట్టూ జుట్టూ పట్టుకునేదాన్ని. మా అమ్మతో ఏం చెయ్యను?”

“ఇప్పుడు అసూయ ఎవరి మీద? నా మీదా, ఆవిడ మీదా?”

“ఇద్దరి మీదా! నువ్వు రోజూ ఆవిణ్ణి చూస్తున్నావ్. ఆవిడ నీతో మాట్లాడుతోంది. నేను ఆవిడ గొంతు విని ఎన్నాళ్ళయింది? జుట్టు నెరిసిందా?”

“చాలావరకు.”

“మోకాలి నొప్పి?”

“కుంటుతుంది కొంచెం. అడిగితే ఒప్పుకోదు.”

“ఒప్పుకోదు. ఏదీ ఒప్పుకోదు. నా గురించి అడుగుతుందా?”

“చిన్నోడి గురించి అడుగుతుంది. పళ్ళు వచ్చాయా, నిలబడ్డాడా, ఇవాళ ఏం తిన్నాడు, అన్నీ అడుగుతుంది. నీ గురించి అడగదు. ‘పిల్లాడి తల్లి తింటోందా’ అని మాత్రం అంటుంది.”

“నటన. అంతా నటన.”

“నటన ఎందుకవుతుందే?”

“నీకు తెలీదు. నీకు చెప్పలేదు నేను. చిన్నోడికి సెలైన్ ఎక్కుతున్నప్పుడు, నువ్వు మందుల కోసం వెళ్ళావే, అప్పుడు ఆవిడ వార్డు గుమ్మం దాకా వచ్చింది. లాండ్రీ నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. నేను పంతమంతా మింగేశా. నోరు విడిచి అడిగా. ‘అమ్మా, వీడు దక్కుతాడో లేదో. ఒక్కసారి ఎత్తుకో’ అన్నా. చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంది. ‘నేను ముట్టుకోను’ అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. చావుబతుకుల్లో ఉన్న పిల్లాణ్ణి! నీ బిడ్డ అని ముట్టుకోలేదు. ఆ పూటే తెంచేసుకున్నా నేను. తల్లి లేదనుకున్నా.”

“ఆ సంగతి తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఆవిడే చెప్పింది. ఇవాళ. నేనే ఉండబట్టలేక అడిగా. ‘మనవడి గురించి ఇన్ని అడుగుతారు, ఒక్కసారి వచ్చి చూడొచ్చుగా’ అన్నా.”

“ఏమంది?”

“బట్టలు పిండుతూ ఉండిపోయింది. చెప్పదేమో అనుకున్నా.”

“ఏమంది చెప్పు.”

“‘ఆ పూట కామెర్ల వార్డు దుప్పట్లు నానబెడుతున్నా. పిల్లాడు అలా ఉన్నాడని ఎవరో చెప్తే ఆ చేతులతోనే పరిగెత్తా. గుమ్మం దగ్గరికెళ్ళాక చేతులు చూసుకున్నా. వాడు ఒక జబ్బుతోనే పోరాడుతున్నాడు, రెండోది నేను ఎలా అంటించను’ అంది. ‘కడుక్కుని మళ్ళీ పైకి వెళ్ళా. నర్సు లోపలికి పోనివ్వలేదు. పిల్లాడి తల్లి వద్దందని చెప్పింది’ అంది.”

“అన్నా. నర్సుతో నేనే అన్నా. ఆవిడ మళ్ళీ వస్తే రానివ్వొద్దని. మళ్ళీ రాలేదనే అనుకున్నా… మళ్ళీ వచ్చిందా?”

“ఏడవకే. చిన్నోడు నిన్నే చూస్తున్నాడు.”

“నా నోరు! ఎందుకు చెప్పలేదు నాతో? ‘చేతులు మురిగ్గా ఉన్నాయే’ అని ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయింది?”

“నువ్వు నాకు చెప్పగలిగావా?”

“…ఆ పెద్ద గిన్నె దించు.”

“ఎందుకు?”

“దించమన్నానా. పొయ్యి మీద పెట్టు. నిండా నీళ్ళు పొయ్యి. ఆ చొక్కా తొడుక్కుని వెళ్ళి మా అమ్మని తీసుకురా.”

“రానంటే?”

“రానంటే, నా మొగుడికి నీళ్ళు కాచే పని ఇవాళ్టితో ఆపమన్నానని చెప్పు, పోట్లాటకైనా వస్తుంది. వచ్చాక గుమ్మంలోనే ఆపు ఆవిణ్ణి. ఆవిడ చేతుల మీద వేణ్ణీళ్ళు నేనే పోస్తా, ఆ తడి ఆరేలోపే చిన్నోణ్ణి ఆ చేతుల్లో పెడతా.”